ఒకే స్వరం లోపల కదిలే నాదం: ఆర్టూరియా మైక్రోఫ్రీక్ వేవ్‌టేబుల్ సింథసైజర్‌పై తిరుపతి నుంచి ఒక సమీక్ష

ఆర్టూరియా మైక్రోఫ్రీక్ అనే సింథసైజర్‌లో, అంటే నాదాన్ని తానే పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డులో, వేవ్‌టేబుల్ విధానాన్ని ఎంచుకుని, మంద్రస్థాయిలో ఒక్క మెట్టు మీద వేలు ఆనించి, టింబర్ అని రాసి ఉన్న నాబ్‌ను అతి నెమ్మదిగా తిప్పితే, స్వరస్థానం వెంట్రుకవాసి కూడా కదలకుండానే నాదం మారడం మొదలవుతుంది. మొదట బోలుగా ఉన్న ధ్వనిలోకి అనునాసిక గుణం వచ్చి చేరుతుంది, అది చిక్కబడి లోహపు పదునుగా మారుతుంది, ఆ పదును పలచబడి సన్నని మెరుపు మాత్రం మిగులుతుంది. నాబ్‌ను వెనక్కి తిప్పితే ఇదంతా వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. కిలో బరువున్న ఈ చిన్న వాద్యాన్ని కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ముందుగా ఈ ఒక్క పని చేసి చూడాలని నా అభిప్రాయం. ఆ కదలిక మీ చెవిని పట్టుకుంటే దీనిలోని లోపాలన్నీ భరించదగినవే అవుతాయి. పట్టుకోకపోతే దీనిలో ఎన్ని సదుపాయాలున్నా అవి మీకు అక్కరకు రావు.

తిరుపతిలో కీబోర్డు వాయించేవారికి ఈ మాట కొంచెం వివరించి చెప్పవలసి ఉంటుంది. మహతి ఆడిటోరియంలో భక్తి సంగీత కార్యక్రమమైనా, పెళ్లి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా అయినా, గంగ జాతర రోజుల్లో వీధి మలుపున వేసిన వేదిక అయినా, మన కీబోర్డు వాద్యకారుల చేతిలో ఉండేది దాదాపు ఎప్పుడూ శాంపిళ్ల మీద ఆధారపడిన వాద్యమే. వీణ, వేణువు, వయొలిన్ బృందం, సితార్ వంటి టోన్లను ముందుగా రికార్డు చేసి అందులో నింపి ఉంచుతారు, మనం మెట్టు నొక్కినప్పుడు ఆ రికార్డింగు వినిపిస్తుంది. పాటకు వెనక వీణ కావలసిన చోట వీణ వినిపించడం వాళ్ల వృత్తికి అవసరం, ఆ అవసరాన్ని ఆ వాద్యాలు చక్కగా తీరుస్తున్నాయి. అయితే రికార్డు చేసిన వీణ నాదం రికార్డయిన తీరుగానే మొదలై ఆ తీరుగానే ముగుస్తుంది. వాయించేవాడి మనసు మధ్యలో మారినా ఆ నాదం లోపలి అల్లిక మారదు. వేవ్‌టేబుల్ సింథసైజర్ ఏ వాద్యాన్నీ అనుకరించడానికి పుట్టినది కాదు. ఒక స్వరం నిలిచి ఉన్నంతసేపూ దాని గుణాన్ని వాయించేవాడి అధీనంలో ఉంచడమే దాని పని.

ఇది మనకు కొత్త అనుభవం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నవారైనా, ఇంట్లో గురువు దగ్గర నేర్చుకున్నవారైనా, మొదటి పాఠం నాడు విన్నది తంబురానే. తంబురా తీగ ఆనుకునే గుర్రం మీద నూలుపోగును అటూ ఇటూ జరిపి సరైన చోట నిలిపినప్పుడు, ఒకే తీగ మీటులో అనుస్వరాలు, అంటే మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు వంటి వేగాలతో దానితో పాటే మోగే సన్నని ధ్వనులు, ఒకదాని తరువాత ఒకటిగా పైకి లేచి, వెలిగి, అణగిపోతాయి. మంద్రం తీగ మీటితే ఎవరూ మీటని అంతరగాంధారం గాలిలో వినిపించడం ఆ కారణంగానే. స్వరం కదలలేదు, స్వరంలోని పాళ్లు కదిలాయి. వేవ్‌టేబుల్ చేసే పని సరిగ్గా ఇదే, కాకపోతే ఆ పాళ్లు ఏ క్రమంలో, ఎంత వేగంతో కదలాలో ఇక్కడ మనం నిర్ణయిస్తాం.

దీని వెనుక ఉన్న ఏర్పాటు చాలా సులువుగా అర్థమవుతుంది. నిలకడగా మోగే ఏ స్వరమైనా ఒకే ఆకారంలో ఉన్న తరంగం మళ్లీ మళ్లీ రావడమే కనుక, ఆ తరంగంలో ఒక్క ఆవృతిని మాత్రం అంకెల వరుసగా రాసి పెట్టుకుని, ఆ వరుసను సెకనుకు 440 సార్లు చదివితే 440 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది, 220 సార్లు చదివితే దాని కింది స్థాయి స్వరం వినిపిస్తుంది. ఇలాంటి ఆవృతులను కొన్ని పదుల సంఖ్యలో, ఒక్కొక్కటీ పక్కదానికంటే కొద్దిగా భిన్నంగా ఉండేలా వరుసలో అమర్చితే అది ఒక వేవ్‌టేబుల్. ఎన్నో ఆవృతిని చదవాలో చెప్పే సూచికను జరుపుతూ పోతే నాదగుణం మారుతూ పోతుంది.

మామూలు అనలాగ్ సింథసైజర్‌లో, అంటే అంకెలతో కాక విద్యుత్ వలయాలతో నాదాన్ని పుట్టించే దానిలో, నాదాన్ని మార్చే పని ప్రధానంగా ఫిల్టర్‌ది. ఫిల్టర్ పై అనుస్వరాలను కోసి ధ్వనిని మెత్తబరుస్తుంది, రెజొనెన్స్ పెంచితే ఒక చోట ఉబ్బిస్తుంది, కానీ తరంగంలో మొదటి నుంచీ లేని అనుస్వరాన్ని అది తీసుకురాలేదు. వేవ్‌టేబుల్‌లో ఒక స్థానంలో బేసి అనుస్వరాలు మాత్రమే ఉండి, పదడుగులు దాటేసరికి అవి తగ్గి ఐదు, ఏడు, తొమ్మిది స్థానాల చుట్టూ గుమికూడి, ఆ తరువాత రెండోది ఒక్కటే బలంగా నిలవవచ్చు. ఇలాంటి ప్రయాణాన్ని ఏ ఫిల్టరూ చేయించలేదు. చెవికి మాట పలికినట్టు, అచ్చులు మారినట్టు అనిపించేది ఇందువల్లనే, ఎందుకంటే మన నోరు ఆ, ఈ, ఊ అని పలికేటప్పుడు చేసేది కూడా ఒకే శ్రుతిలో అనుస్వరాల బలాబలాలను మార్చడమే.

ఈ ఆలోచనను వాద్యంగా మార్చినవాడు వోల్ఫ్‌గాంగ్ పామ్. జర్మనీలోని హాంబర్గ్‌లో ఆయన నడిపిన పీపీజీ సంస్థ 1970ల చివర వేవ్‌కంప్యూటర్ 360 అనే వాద్యంతో ఈ ప్రయత్నం మొదలుపెట్టింది. ఆ తొలి వాద్యానికి ఫిల్టర్ లేదు, దాని ధ్వని చాలామందికి పలచగా తోచింది. 1981లో వచ్చిన వేవ్ 2, ఆ మరుసటి ఏడాది వచ్చిన వేవ్ 2.2 ఆ లోటును తీర్చాయి. వేవ్ 2.2 లో ఒకేసారి పలికే ఎనిమిది స్వరాలు, ఒక్కో స్వరానికి తరంగాన్ని పుట్టించే రెండు డిజిటల్ ఆసిలేటర్లు, వాటి తరువాత ఎస్ఎస్ఎమ్ 2044 అనే అనలాగ్ ఫిల్టర్ చిప్ ఉండేవి. థామస్ డాల్బీ, టాంజరిన్ డ్రీమ్ బృందం వంటి ఎలక్ట్రానిక్ సంగీతకారులు దానిని విరివిగా వాడారు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చి డిజిటల్ వాద్యాలను చాలా తక్కువ ధరకు అందించడం మొదలుపెట్టాక ఖరీదైన పీపీజీకి నిలదొక్కుకోవడం కష్టమైంది, 1987లో ఆ సంస్థ మూతపడింది. అయినా ఆ నాదం ఆగలేదు. వోల్ఫ్‌గాంగ్ డ్యూరెన్ స్థాపించిన వాల్డోర్ఫ్ సంస్థ 1989లో మైక్రోవేవ్‌ను విడుదల చేసింది, అందులోని చిప్ రూపకల్పనలోనూ పామ్ చేయి ఉంది. 2007 నాటి బ్లోఫెల్డ్, 2018 నాటి క్వాంటమ్ ఆ వంశానికే చెందుతాయి.

ఆ పాత వాద్యాల నాదాన్ని ఈనాటికీ ఎందుకు వెతుక్కుంటున్నారో కూడా చెప్పాలి, ఎందుకంటే మైక్రోఫ్రీక్ ఆకర్షణ సగం అక్కడే ఉంది. జ్ఞాపకశక్తి చిప్‌లు ఎంతో ఖరీదైన ఆ కాలంలో పామ్ ఒక ఆవృతికి 128 బిందువులు మాత్రమే కేటాయించి, అందులోనూ సగమే నిల్వ చేసి, మిగతా సగాన్ని అదే సగాన్ని తిరగేసి రాబట్టుకున్నాడు. ఒక్కో బిందువు విలువ 8 బిట్లు, అంటే 256 మెట్లలో ఏదో ఒకటి. 128 బిందువులలో 64 అనుస్వరాలకు మించి ఇమడవు. పైగా కింది స్థాయి స్వరాలలో ఆ బిందువుల మధ్య మెట్లు మెట్లుగా మిగిలిపోయే గరుకుదనం తనదైన ఒక గరగర ధ్వనిని చేర్చుతుంది. పై స్థాయిలో ఏలియాసింగ్ అనే మరో సంగతి వస్తుంది. సీడీలో వలె సెకనుకు 44,100 బిందువుల లెక్కన పనిచేసే వ్యవస్థ 22,050 హెర్ట్జ్‌కు మించిన దేనినీ ఉన్నది ఉన్నట్టు చూపలేదు, మించినదంతా కిందికి మడతపడుతుంది. ఉదాహరణకు 1,046.5 హెర్ట్జ్ షడ్జంలో 30వ అనుస్వరం 31,395 హెర్ట్జ్ వద్ద ఉండవలసింది, అది మడతపడి 12,705 వద్ద వినిపిస్తుంది. అది ఆ షడ్జానికి ఏ విధంగానూ చుట్టం కాని ధ్వని. ఇంజినీరు దీనిని దోషం అంటాడు. కానీ గంటలో, తాళంలో ఉండే మెరుపు కూడా ఇలా మూలస్వరంతో లెక్క కుదరని ధ్వనుల వల్లనే వస్తుందని గుర్తుంచుకుంటే, ఆ దోషం చెవికి ఎందుకు ఇంపుగా ఉంటుందో తెలుస్తుంది.

ఈనాటి సాఫ్ట్‌వేర్ వేవ్‌టేబుళ్లు ఈ గరుకుదనాన్ని దాదాపుగా తుడిచివేశాయి. 2014లో వచ్చిన సీరమ్‌లో ఒక ఆవృతికి 2,048 బిందువులు, ఒక టేబుల్‌లో 256 ఆవృతుల వరకు ఉంటాయి. 2020లో వచ్చిన వైటల్ కూడా ఆ కొలతలే పాటిస్తుంది. అవి వినిపించే నాదం శుభ్రమైనది, విశాలమైనది. మైక్రోఫ్రీక్ నాదం అంత శుభ్రంగా ఉండదు, ఆ మాటను నేను మెచ్చుకోలుగానే చెబుతున్నాను. పై స్థాయిలో దానికి కొంచెం కరకుదనం ఉంది, కింది స్థాయిలో కొంచెం ఇసుక కలిసినట్టుంది, ఆ రెండూ దాని అనలాగ్ ఫిల్టర్ గుండా సాగినప్పుడు ఒక ప్రత్యేకమైన రుచి పుడుతుంది.

ఆ ఫిల్టర్ గురించి రెండు మాటలు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ప్రాంతానికి చెందిన ఆర్టూరియా 2019లో విడుదల చేసిన ఈ వాద్యంలో ఆసిలేటర్లు డిజిటల్, ఫిల్టర్ మాత్రం నిజమైన అనలాగ్. టామ్ ఓబర్‌హైమ్ 1974లో తెచ్చిన ఎస్ఈఎమ్ మాడ్యూల్ ఫిల్టర్ నమూనాలో, ఒక్కో స్థాయికి 12 డెసిబెళ్ల చొప్పున ధ్వనిని తగ్గించే వాలుతో, కింది భాగాన్ని పోనిచ్చే లో పాస్, మధ్య భాగాన్ని పోనిచ్చే బ్యాండ్ పాస్, పై భాగాన్ని పోనిచ్చే హై పాస్ మూడింటినీ ఇస్తుంది. వాలు నిటారుగా లేకపోవడం వేవ్‌టేబుల్‌కు మేలు చేసింది. 24 డెసిబెళ్ల ఫిల్టర్ పైభాగాన్ని పూర్తిగా మూసేస్తే టేబుల్ లోపలి కదలిక చాలావరకు వినిపించదు. ఇక్కడ ఫిల్టర్‌ను సగానికి దించినా లోపలి నడక పలచగా వినిపిస్తూనే ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చినది బ్యాండ్ పాస్. దానిని మధ్యస్థాయి దగ్గర నిలిపి కింద టేబుల్ స్థానాన్ని కదిలిస్తే, కదులుతున్న అనుస్వరాలు ఆ సందులో కనిపించి మాయమవుతూ నాదానికి దాదాపు కంఠం వచ్చినట్టు చేస్తాయి.

వేవ్‌టేబుల్ విధానంలో నాబ్‌ల పంపకం ఇలా ఉంటుంది: వేవ్ అనే నాబ్ టేబుల్‌ను ఎంచుతుంది, టింబర్ దానిలో స్థానాన్ని జరుపుతుంది, షేప్ కొంత కోరస్‌ను, అంటే ఒకే నాదం పలు గొంతుల్లో కలిసి పలికినట్టు చేసే గుణాన్ని, కలుపుతుంది. దీనికంటే సూటిగా ఈ విద్యను నేర్పే వాద్యం నేను చూడలేదు. మిగతా ఆసిలేటర్ విధానాలు, అంటే తీగ మీటు ధ్వనినిచ్చే కార్ప్లస్ స్ట్రాంగ్, రెండు ఆపరేటర్ల ఎఫ్ఎమ్, ఫార్మెంట్ వంటివి చాలానే ఉన్నాయి, వాటిలో కొన్ని మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు అందరికీ తెరిచి ఉంచిన ప్రోగ్రాముల నుంచి వచ్చాయి. అవి మంచివే, కానీ ఈ సమీక్ష వాటి గురించి కాదు.

చేత్తో తిప్పడం మొదటి దశ మాత్రమే. నాదం తనంతట తాను కదలాలంటే మాడ్యులేషన్ మ్యాట్రిక్స్, అంటే ఏది దేనిని కదిలించాలో నిర్ణయించే పట్టిక, దగ్గరకు రావాలి. ఐదు మూలాలు అడ్డువరుసలుగా, ఏడు గమ్యాలు నిలువువరుసలుగా ఉన్న ఈ పట్టిక వాద్యం పైభాగాన చిన్న దీపాల గడులుగా ఎదురుగానే ఉంటుంది. ఎన్‌కోడర్ అనే నాబ్‌ను తిప్పి ఒక గడికి వెళ్లి, నొక్కి, ఎంత మేరకు అన్నది నిర్ణయించాలి, అంతే. ఏది దేనిని కదిలిస్తున్నదో కంటికి కనిపిస్తుంది, మెనూలలో వెతకనవసరం లేదు. మూలాలలో సైక్లింగ్ ఎన్వలప్ అన్నది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. లేచే కాలం, దిగే కాలం, మధ్యలో నిలిచే పాలు మనం నిర్ణయిస్తే అది ఆగకుండా తిరుగుతుంది, లేదా మెట్టు నొక్కిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది. లేవడం త్వరగా, దిగడం చాలా నెమ్మదిగా పెట్టి దానిని టింబర్‌కు కలిపితే, స్వరం మీటినప్పుడు ఒక్కసారిగా విచ్చుకుని తరువాత తీరిగ్గా ముడుచుకుంటుంది.

ఈ వాద్యంతో నేను ఎక్కువసేపు గడిపినది ఒక శ్రుతి ప్యాచ్, అంటే శ్రుతి కోసం నాబ్‌ల అమరిక, తయారు చేయడంలో. మైక్రోఫ్రీక్‌లో ఒకేసారి నాలుగు స్వరాలు పలుకుతాయి. తంబురాకు ఉన్నవీ నాలుగు తీగలే: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ఆ తీగల స్వరాలను వేలు తీసినా ఆగకుండా హోల్డ్‌లో నిలిపి, సైక్లింగ్ ఎన్వలప్‌ను అతి నెమ్మదిగా టింబర్‌కు, నెమ్మదిగా ఊగే మరో మూలమైన ఎల్ఎఫ్ఓను రవ్వంత ఫిల్టర్‌కు కలిపి, షేప్‌ను పూర్తిగా తగ్గించి, లో పాస్‌ను మూడింట రెండు వంతుల దగ్గర ఉంచాను. తంబురా వినిపించదు, వినిపించాలని నేను కోరుకోలేదు కూడా. వినిపించేది మీటు లేని, ఆగని, లోపల మాత్రం ఎడతెగకుండా కదిలే ఒక ఆధారశ్రుతి. దాని మీద ఆలాపన చేసిన గాయకులకు అది అడ్డు రాలేదు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఒకే చుట్టును తిప్పి తిప్పి వినిపించడం వల్ల కొంతసేపటికి చెవి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. ఇక్కడ ఆ కదలిక వ్యవధి మిగతా వ్యవధులతో కలవకుండా పెట్టుకుంటే నాదం ఒకే తీరులో తిరిగి రావడానికి చాలా సమయం పడుతుంది, చెవి మేలుకుని ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, శాస్త్రీయ సంగీతం పాడేవారు దానిని తెలుసుకుని ఉండడం మంచిది. వాద్యం సమవిభాజక స్వరస్థానాలతో, అంటే స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన స్వరాలతో, వస్తుంది. ఒకటో శ్రుతిలో షడ్జం 130.81 హెర్ట్జ్ అయితే పంచమం 196.00 దగ్గర ఉంటుంది. షడ్జపు మూడో అనుస్వరం 392.44, పంచమపు రెండో అనుస్వరం 392.00, ఈ రెండింటి మధ్య తేడా వల్ల దాదాపు రెండుంపావు సెకన్లకు ఒకసారి నాదం హెచ్చి తగ్గే విస్పందనం వినిపిస్తుంది. శుద్ధంగా కలిపిన తంబురాలో అది ఉండదు. పంచమం విషయంలో ఈ తేడా చిన్నది, శ్రుతిలో ఒక ఊపిరిలా కలిసిపోతుంది. కానీ ఆధారంలో గాంధారాన్ని చేర్చాలని చూస్తే మాత్రం అది షడ్జంలో తానుగా మోగే స్వయంభూ గాంధారంతో పొసగక బాధిస్తుంది. షడ్జ పంచమాలతో ఆగడమే మేలు.

గమకం సంగతి వేరుగా చెప్పాలి. దీని మెట్లు కదలవు. 25 మెట్లూ ఒకే పలక మీద ముద్రించిన స్పర్శ పలకలు, వేలి చర్మం ఎంత మేర ఆనిందో గ్రహించి ఒత్తిడిని లెక్కగడతాయి, అదీ ఏ వేలికి ఆ వేలుగా. పియానోకు, హార్మోనియానికి అలవాటుపడిన చేతికి మొదట ఇది నిర్జీవంగా తోస్తుంది. వేగంగా సర్గమ్ వాయించేవారు దీనిని ఇష్టపడరు, వారిని ఒప్పించే ప్రయత్నమూ నేను చేయను. కానీ మ్యాట్రిక్స్‌లో ప్రెస్ (వేలి ఒత్తిడి) నుంచి పిచ్‌కు (శ్రుతికి) చిన్న పాలు, ప్రెస్ నుంచి టింబర్‌కు పెద్ద పాలు కలిపి చూడండి. వేలిని ఒత్తి వదులుతూ స్వరాన్ని ఊగించినప్పుడు శ్రుతితో పాటు నాదగుణమూ ఊగుతుంది. కంఠంలోనూ వీణలోనూ నిజంగా జరిగేది ఇదే. వీణ మీద తీగను లాగినప్పుడు శ్రుతి ఒక్కటే పెరగదు, నాదం కూడా బిగుసుకుంటుంది. మామూలు కీబోర్డులో పిచ్ బెండ్ చక్రంతో చేసిన గమకం ప్లాస్టిక్‌లా వినిపించడానికి ఒక ముఖ్య కారణం ఈ రెండోది అక్కడ లేకపోవడమే. మోహనం, హంసధ్వని వంటి రాగాలలో నిదానంగా సాగే సంగతులు దీని మీద నన్ను ఎంతో సంతోషపెట్టాయి. తోడి గాంధారం జోలికి పోకపోవడం మంచిది. ఆ విస్తారమైన కంపితానికి కావలసిన అదుపు ఈ పలకకు లేదు, పక్కనున్న బెండ్ పట్టీ దానికి కొంత దగ్గరగా తీసుకువెళుతుంది కానీ రెండు చేతులూ ఒక్క స్వరానికే సరిపోతాయి.

రాయలసీమ ఎండలో వాయించేవారికి ఇక్కడ ఒక సూచన. చర్మపు తాకిడి మీద ఆధారపడే ఏ పలకకైనా చెమట చేతితో తాకినప్పుడు కొలతలో తేడా వస్తుంది. మే నెలలో ఆరుబయట వేదిక ఎక్కేవారు దగ్గర ఒక పొడి బట్ట ఉంచుకుంటే చాలు.

లోపాలలో పెద్దది నాలుగు స్వరాలకూ కలిపి ఒకే ఒక్క ఫిల్టర్ ఉండడం. స్వరాలకు విడివిడి ఆసిలేటర్లు ఉన్నాయి, ఫిల్టర్ మాత్రం అందరికీ ఉమ్మడి. అందువల్ల ఒక స్వరసమూహం నిలిచి ఉండగా మరో మెట్టు నొక్కితే ఫిల్టర్ కదలిక అన్నిటి మీదా పడుతుంది. సినిమా పాటలకు వెనకాల పరుచుకునే ప్యాడ్ వాయించాలనుకునేవారికి ఇది నిజమైన ఇబ్బంది. రెండోది, ఇందులో ప్రతిధ్వనినిచ్చే రివర్బ్, డిలే వంటి ఎఫెక్టులు ఏవీ లేవు, హెడ్‌ఫోన్‌ది కాక బయటికి వచ్చేది మోనో జాక్ ఒక్కటే. సన్నని గదిలో ఎండుగా వింటే వేవ్‌టేబుల్ నాదం చెవికి గుచ్చుకుంటుంది, అందాన్ని విప్పుకోవడానికి దానికి కొంత ఆవరణం కావాలి. మిక్సర్‌లో ఉన్న మామూలు హాల్ రివర్బ్‌లోకి కొద్దిగా పంపినా మనిషి మారిపోయినట్టు ఉంటుంది. కనుక ధర చూసుకునేటప్పుడు ఒక చిన్న రివర్బ్ పెడల్ ఖర్చును కూడా కలుపుకోవాలి. కేవలం రెండు స్థాయిల మెట్లే ఉండడం నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, దీనికి మిడి, అంటే ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి సూచనలు పంపే ఏర్పాటు, ఉంది, ఇంట్లో ఉన్న పెద్ద కీబోర్డు నుంచి దీనిని పలికించవచ్చు. మిడి తీగకు 3.5 మిల్లీమీటర్ల మార్పిడి ముక్క కావాలి, అది పెట్టెలోనే వస్తుంది.

మన ఊళ్లకు పనికివచ్చే ఒక గుణం యూఎస్‌బీ ద్వారా కూడా ఇది నడవడం. 12 వోల్టుల అడాప్టర్ పెట్టెలో ఉన్నా, మంచి పవర్ బ్యాంకు ఒకటి దగ్గరుంటే కరెంటు పోయినా శ్రుతి ఆగదు.

ఇతర దారులు కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి అయితే ముందు వైటల్ ఉచిత రూపాన్ని దింపుకుని నెల రోజులు సాధన చేయమనే చెబుతాను. టేబుల్‌లో ఆవృతులు కొండల వరుసలా తెర మీద కదులుతూ కనిపిస్తాయి, ఈ విద్యకు అంతకంటే మంచి నల్లబల్ల లేదు. చేతిలో ఇంకా డబ్బు ఉండి, ఎనిమిది పూర్తి స్వరాలు, ఎఫెక్టులు, నిజంగా కదిలే మెట్లతో పాటు వేలికి వేలుగా ఒత్తిడి కావాలనుకునేవారు ఏఎస్ఎమ్ హైడ్రాసింత్ ఎక్స్‌ప్లోరర్ వైపు చూడాలి. ఎనిమిది తరంగాలను మనమే ఎంచుకుని వాటి మధ్య ప్రయాణించే ఏర్పాటు దానిలో ఉంది. 2021లో వచ్చిన కోర్గ్ మోడ్‌వేవ్‌లో 32 స్వరాలు, రెండు వందలకు పైగా టేబుళ్లు ఉన్నాయి, ప్యాడ్లకు అది రాజు. ఇవన్నీ మైక్రోఫ్రీక్ కంటే సమర్థమైనవి. కానీ వీటిలో ఫిల్టర్‌తో సహా అంతా డిజిటలే. పామ్ వేవ్ 2.2 లో కుదిర్చిన జోడీ, అంటే గరుకైన డిజిటల్ తరంగం వెంట మెత్తని అనలాగ్ ఫిల్టర్, ఈ తక్కువ ధరలో మైక్రోఫ్రీక్‌లోనే దొరుకుతున్నది. నా ఎంపికకు అదే కారణం.

తిరుపతిలో వాద్యాల దుకాణాలలో హార్మోనియం, తబలా, గిటారు, అరేంజర్ కీబోర్డు చేతితో తాకి చూసి కొనుక్కోవచ్చు, ఇలాంటి సింథసైజర్‌ను మాత్రం వాయించి వినిపించే చోటు దొరకడం కష్టం. చెన్నై వెళ్లి వినడమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో తప్పదు. దిగుమతి వస్తువు కావడం వల్ల ధర విక్రేతను బట్టి మారుతుంది కనుక ఒకరిద్దరిని అడిగి, బిల్లు మీద భారతదేశపు వారంటీ ఉందో లేదో రాయించుకుని కొనాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు 25 మెట్లనూ ఒక్కొక్కటిగా ఒత్తి, ఒత్తిడికి నాదం మారుతున్నదో లేదో చూసుకోవాలి, ప్రతి నాబ్‌ను చివరి వరకు తిప్పి చూడాలి. కొన్నాక మొదటి పని ఫర్మ్‌వేర్‌ను, అంటే వాద్యం లోపలి ప్రోగ్రామును, కొత్తదిగా మార్చుకోవడం. ఆర్టూరియా ఏళ్ల తరబడి కొత్త సదుపాయాలను ఉచితంగా చేర్చుతూ వచ్చింది, 2023లో శాంపిల్, గ్రాన్యులర్ విధానాలు కూడా అలా వచ్చినవే.

అలా చేరిన సదుపాయాలలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది సొంత వేవ్‌టేబుళ్లను ఎక్కించుకునే వీలు. కంప్యూటర్‌లో మిడి కంట్రోల్ సెంటర్ అనే ఉచిత ప్రోగ్రాము ద్వారా ఇది జరుగుతుంది. నాదస్వరం మీద నిలిపి ఊదిన షడ్జం ఒకదానిని ఫోనులో రికార్డు చేసి, ఊపిరి సన్నగా ఉన్న చోటి నుంచి బలంగా ఉన్న చోటి వరకు విడివిడి ఆవృతులను కత్తిరించి, వరుసగా కూర్చి ఎక్కించాను. నాదస్వరం శంఖాకారపు గొట్టం, జంట రెల్లుపీక కలిగిన వాద్యం కావడం వల్ల సరి, బేసి అనుస్వరాలన్నీ దానిలో నిండుగా ఉంటాయి, టేబుల్‌కు అంతకంటే మంచి ముడిసరుకు ఉండదు. ఎక్కించాక వినిపించినది నాదస్వరం కాదు. పీక మీద నాలుక తగిలే ఆరంభం లేదు, ఊదేవారి ఊపిరి లేదు. కానీ ఆ ఘనత, ఆ నిండుతనం మిగిలింది, ఇప్పుడు దానిని వేలి ఒత్తిడితో సన్ననిది నుంచి బలమైనదిగా తీసుకువెళ్లవచ్చు, వెనక్కి తీసుకురావచ్చు, మంద్రానికి దించి ఏ నాదస్వరమూ పలకలేని లోతులో నిలపవచ్చు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, వాద్యకారుణ్ణి స్వరాన్ని ఏ మాత్రం ఊగించకుండా నిలపమని అడగాలి. స్వరం కొంచెం ఊగినా ఆవృతుల పొడవులు ఒకదానితో ఒకటి కుదరక టేబుల్‌లో స్థానం మారిన ప్రతిచోటా టిక్కుమనే చప్పుడు వస్తుంది.